డెబ్బదితొమ్మిదింట డెబ్బదియేడు

ఎన్నికలలో ఒక పక్షము శాసనసభను ఇంచుమించు సంపూర్ణముగా ఆక్రమించినప్పుడెల్ల లోకమున ఒకమాట వినవచ్చును: ప్రజలు తీర్పు చెప్పినారు, ఇక వాదమునకు తావులేదు. గెలిచినవారు ఈ మాటను బిరుదువలె ధరింతురు. ఓడినవారు తల వంచుకొని విందురు. పత్రికలు పెద్దయక్షరములతో అచ్చువేయును. ఈ మాటలో సత్యమెంత, గాలి యెంత యని తూచి చూచుటకు కెనడాదేశమునందలి బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున 2001వ సంవత్సరము మే నెల 16వ తేదీని జరిగిన యెన్నికకంటె మంచి త్రాసు మాకు కానరాలేదు.

ఆ రాష్ట్రము పసిఫిక్ మహాసముద్రపు టొడ్డున నున్నది. వాంకూవరు దాని మహానగరము, విక్టోరియా రాజధాని. మనము ముఖ్యమంత్రి యనువానిని వారు ప్రీమియరు అందురు. నాటి శాసనసభలో స్థానములు 79. అందు లిబరలు పక్షమువారు 77 గెలిచిరి. అంతవరకు పదియేండ్లు రాజ్యమేలిన న్యూ డెమొక్రటిక్ పక్షమునకు మిగిలినవి రెండు. లిబరలు పక్షమునకు నాయకుడు గోర్డన్ క్యాంప్‌బెల్. పేరు లిబరలే గాని కన్సర్వేటివు భావములవారు ననేకులు ఆ గొడుగు క్రిందనే చేరియుండిరి. పేరును జూచి పక్షమును గుర్తింపబూనువారు ఆ రాష్ట్రమున పలుమారులు మోసపోయిరి.

ఓడిన మంత్రివర్గమును వెనుకవేసికొని వచ్చుట మా యుద్దేశము కాదు. వారు ఓడదగినవారే. సముద్రముపై వేగముగా పోవు మూడు నావలను 21 కోట్ల డాలర్లతో కట్టింతుమని మొదలిడి, 45 కోట్లు దాటువరకు వ్యయపరచిరి. ఆ నావలు పనికిరాక, తుదకు 2003లో మూడును కలిపి 2 కోట్ల డాలర్లకు లోపుగనే వేలములో పోయినవి. 1996 ఎన్నికకు ముందు వరవు వ్యయములు సరితూగినవని లెక్కజూపి, గెలిచిన పిమ్మట లోటు బయటపెట్టిరి. ప్రీమియరు గ్లెన్ క్లార్కు ఇంటిని పోలీసులు సోదా చేసిరి. ఆయన 1999లో పదవి విడిచెను. ఆయన నిర్దోషియని 2002లో న్యాయస్థానము తేల్చెను గాని అప్పటికి పక్షము తల నేలకు తాకియుండెను. ఇట్టి పాలకులను ప్రజలు దింపివేయుట న్యాయము. దింపివేయుటకు ప్రజలకు హక్కు లేనిచోట ప్రజాప్రభుత్వమే లేదు.

ఈ చిక్కులో పదవి స్వీకరించినవాడు ఉజ్జల్ దోసాంజ్ అను పంజాబీ సోదరుడు. 2000వ సంవత్సరమున ఆయన ప్రీమియరయ్యెను. కెనడాలో ఏ రాష్ట్రమునకైనను భారతీయ సంతతివాడు ప్రీమియరగుట అదియే ప్రథమము. ఈ మాట విలువ తెలియవలెనన్న వెనుకటి చరిత్రము కొంత జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1907లో ఆ రాష్ట్ర శాసనసభయే భారతీయులకు వోటు లేకుండ శాసనము చేసినది. 1914లో కొమగాట మారు అను ఓడలో వెళ్లిన 376 మంది ప్రయాణికులను, కొలదిమందిని తప్ప, దిగనీయక, వాంకూవరు రేవులో రెండునెలలు నిలిపి, జులై నెలలో వెనుకకు తరిమినది ఆ తీరమే. పోయిన వోటు భారతీయులకు తిరిగి దొరకినది 1947లో. అనగా మనవారు నలువదియేండ్లు ఆ గడ్డపై అడవులలో మ్రానులు కొట్టి, కోతమిల్లులలో చెమటోడ్చి, పన్నులు కట్టియు, సభలో తమ మాట చెప్పువానిని ఎన్నుకొను హక్కు లేక బ్రతికిరి. సభలో మాట లేకుండుట యన నేమో మనవారికి పుస్తకముల మూలమున తెలిసినది కాదు.

దోసాంజ్ గారు ఎన్నిక యింక కొన్నిదినములున్నదనగనే, తాము గెలువజాలమని బహిరంగముగా నొప్పుకొని, బలమైన ప్రతిపక్షమునైన పంపుడని ప్రజలను వేడుకొనిరి. అధికారమందున్న నాయకుడు ఇట్లు వేడుట అరుదు. ప్రజలు ఆలకింపలేదనుట సత్యము కాదు. అయిదుగురు వోటరులలో ఒకరికి మించి ఆలకించిరి. ఆలకింపనిది ఎన్నిక యంత్రము. ఆయనయు తన స్థానమును గోలుపోయెను. ఆయన భారతీయుడగుటచేత మేమిట్లు వ్రాయుచున్నామని యెవరైన తలంచినచో, ఈ క్రింది యంకెలను చదివి పిమ్మట ఆ తలంపు నిలుపుకొనవచ్చును.

లిబరలులకు పడిన వోట్లు 9 లక్షల 16 వేలు. న్యూ డెమొక్రటులకు 3 లక్షల 43 వేలు. గ్రీన్ పక్షమునకు 1 లక్ష 97 వేలు. నూటికి లెక్కించినచో 57.6, 21.6, 12.4. నూటికి 57 వోట్లు నిజముగా గొప్ప విజయమే. అన్యదేశములలో ఇట్టిది లభించిన నాయకులు అరుదు. కాని వోట్లు నూటికి 57 అయినచోట స్థానములు నూటికి 97 ఎట్లయినవి? ఒక్కొక్క లిబరలు సభ్యుని వెనుక నిలిచినవారు సుమారు 12 వేలమంది. ఒక్కొక్క న్యూ డెమొక్రటిక్ సభ్యురాలి వెనుక నిలిచినవారు 1 లక్ష 71 వేలు. గ్రీన్ పక్షమువారి వెనుక ఇంచుమించు 2 లక్షలమంది యుండియు సభలో వారికి కూర్చుండ పీటయైన దొరకలేదు. ఒకని వోటు రూపాయియు, మరియొకని వోటు అణాయు, మూడవవాని వోటు చెల్లనికాసునై పోయినవి. ముగ్గురును ఒకేదినమున, ఒకే విధమైన పెట్టెలో, ఒకేవిధమైన కాగితమునే వేసిరి.

కారణము రహస్యమేమియు గాదు. ఇంగ్లండునుండి వచ్చిన యెన్నికపద్ధతి. రాష్ట్రమును ముక్కలుచేసి, ప్రతిముక్కలోను అందరికంటె ఒక్క వోటెక్కువ వచ్చినవానికి స్థానమంతయు నిచ్చి, తక్కినవారందరి వోట్లను బుట్టలో పారవేయుటయే ఈ పద్ధతి సారము. గాలి రాష్ట్రమంతట నొకేవైపు వీచినచో ప్రతి ముక్కలోను అదే పక్షము ముందుండును; సభ సాంతము దానిదే యగును. గాలి కొంచెము అటునిటైనచో పద్ధతి మరియొక వింత చేయును. 1996లో ఇదే రాష్ట్రమున ఇవే రెండు పక్షములు తలపడినవి. అప్పుడు లిబరలులకు నూటికి 41.8 వోట్లు, 75 స్థానములలో 33 వచ్చినవి. న్యూ డెమొక్రటులకు నూటికి 39.5 వోట్లు, 39 స్థానములు వచ్చినవి. అనగా వోట్లు తక్కువ వచ్చినవారు రాజ్యమేలిరి. నాడు లిబరలులు అన్యాయమని మొఱ పెట్టుకొనిరి. వారి మొఱ ధర్మమైనదే. అయిదేండ్లు తిరుగునప్పటికి ఆ యంత్రమే వారికి నూటికి 57కు మారుగా 97 కొలిచి యిచ్చినది. అప్పుడు దానిని ప్రజాతీర్పు అనిరి.

సభ కూడినది. న్యూ డెమొక్రటిక్ పక్షమున మిగిలిన యిద్దరును స్త్రీలు, జాయ్ మెక్‌ఫెయిలు, జెన్నీ క్వాన్. ఇద్దరును వాంకూవరు నగరమునుండి వచ్చినవారు. ఒక పక్షమును సభలో పక్షముగా గుర్తింపవలెనన్న నలుగురు సభ్యులుండవలెనను నియమము నాడు అచట నుండెను. కావున మీరు ప్రతిపక్షము కారనిరి. అధికారప్రతిపక్షమునకు చెల్లవలసిన హోదాయు దానితోడి వసతులును లేవనిరి. నియమమును అక్షరముపట్టి చదివిన యది సరియే. కాని ఎదుట కూర్చున్నవారు 77 మంది. ఆ నియమమును ఒక్కపూటలో సవరింపగలవారు. పట్టుదలయున్నప్పుడు మూడుదినములలో ఎంతటి శాసనమునైన దాటింపగలమని వారు కొలదినెలలకే నిరూపించిరి. 9 లక్షల వోట్లు గలవారు 3 లక్షల వోట్లవారికి సభలో నొక బల్ల, కొందరు గుమాస్తాలు, ప్రశ్నకు కొంత కాలము ఔదార్యముగా నిచ్చియుండినచో వారి విజయములో ఏ యొక్క స్థానమును తరుగకపోయెడిది. ఆ మాత్రము మనసు రాలేదు.

ఆ యిద్దరు స్త్రీలు సభను విడిచిపోలేదు. ప్రతి చిత్తుశాసనమును, ప్రతి పద్దును ఇద్దరే పంచుకొని చదివి, లేచి నిలిచి ప్రశ్నించిరి. మంత్రులొక్కరే వారికి పదునాలుగింతలుండిరి.

ప్రతిపక్షమున్న నేమి, లేకున్న నేమి, ప్రభుత్వము మంచిదైన చాలదా యని యడుగువారు మనలోను కలరు. వారికి ఆ సభ చేసిన పనులే ప్రత్యుత్తరము. అధికారమునకు వచ్చినదే తడవుగా ఆదాయపు పన్నును నాలుగవవంతు తగ్గించిరి. తగ్గిన వరవును పూరించుటకు 2002 జనవరిలో ప్రభుత్వోద్యోగములలో ఇంచుమించు మూడవవంతు తీసివేయుదుమని ప్రకటించిరి. ఆ నెలలోనే ఆసుపత్రి పనివారిని గూర్చిన శాసనము వచ్చినది. ఆ పనివారి సంఘములతో చేసికొన్న ఒడంబడికలను, సంతకము తడియారని వానిని సైతము, ఆ శాసనము త్రోసిరాజనినది. ఆసుపత్రులలో నేల తుడుచువారు, దుప్పట్లు ఉతుకువారు, రోగులకు వంట చేయువారు వేలకొలది పనులు గోలుపోయిరి. ఆ పనులు తక్కువ కూలికి కంట్రాక్టుదారులకు పోయినవి. వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు, పలువురు అన్యదేశములనుండి వలసవచ్చినవారు. ఈ శాసనము సభలో ప్రవేశించిన మూడుదినములకే శాసనమై వెలువడినది. ముందుగా సంఘములతో సరియైన సంప్రదింపు జరుగలేదు. 2007 జూనునెలలో కెనడా అత్యున్నత న్యాయస్థానము దానిలోని ముఖ్యభాగములు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. ఉపాధ్యాయుల ఒడంబడికలలో తరగతికి ఇందరు విద్యార్థులకు మించరాదను నిబంధనలనుగూడ ఆ జనవరిలోనే చెరిపివేసిరి. ఆ వివాదము 2016 నవంబరువరకు నడచినది. వాదములు విన్న దినముననే న్యాయస్థానము ఉపాధ్యాయుల పక్షమున తీర్పు చెప్పినది. 2002లో మొదటితరగతిలో చేరిన బిడ్డ అప్పటికి బడి ముగించి బయటికి పోయి రెండేండ్లయినది.

సభలో ఇరువదిముప్పది నోళ్లు లేచి, చిత్తుశాసనమును వారము రెండువారములు నిలిపి, ప్రతిషరతును బజారునకీడ్చి, ఇది న్యాయస్థానమున నిలువదని హెచ్చరించియుండినచో ప్రభుత్వమే కొంత సవరించుకొనెడిదేమో. ఆ హెచ్చరిక న్యాయవాదుల ఫీజులతోడను, కూలిపోయిన సంసారములతోడను అయిదేండ్లకొకటి పదునాలుగేండ్లకొకటిగా రావలసివచ్చినది. ప్రతిపక్షము ప్రభుత్వమునకు శత్రువని తలచు మంత్రులు ఈ లెక్కను చూచుకొనవలెను.

మరియొకటి. ఆ దేశపు ఆదివాసులకు ఆ రాష్ట్రమున చాలభాగము భూమిని గూర్చి నేటికిని సంధిపత్రములు లేవు. భూమి వారిచేతినుండి ఒప్పుదల లేకయే పోయినది. అట్టి సంధుల సూత్రములు ఎట్లుండవలెనని 2002లో ఎనిమిది ప్రశ్నలు అచ్చువేసి టపాలో ఇంటింటికి పంపి, జనుల యభిప్రాయమడిగిరి. అల్పసంఖ్యాకుల హక్కును అధికసంఖ్యాకుల వోటునకు పెట్టుట! ఆదివాసుల నాయకులు దానిని బహిష్కరింపుడని పిలుపిచ్చిరి. పంపిన పత్రములలో తిరిగి వచ్చినవి మూడవవంతుకు కొంచెము మించినవి. వచ్చినవానిలో అన్నిప్రశ్నలకును అవుననువారే నూటికి 80కి మించిరి. ఎవరి భూమియో వారి మాట ఆ లెక్కలో ఎక్కడ వినబడును?

ఇంతవరకు నిందించితిమి. ఇక ఒక్క విషయమున క్యాంప్‌బెల్ గారికి చెల్లవలసిన ప్రశంసను చెల్లింపక తప్పదు. 1996 నాటి గాయము ఆయన మరువలేదు. గెలిచినచో ఎన్నికపద్ధతిని గూర్చి విచారించు భారమును రాజకీయులకు గాక సామాన్య ప్రజలకే యప్పగింతునని ఆయన వాగ్దానము చేసెను. గెలిచిన తరువాత నిలుపుకొనెను. 77 స్థానములిచ్చిన పద్ధతినే విచారణకు పెట్టుట చిన్న పని కాదు. ఏ దేశమునను ఏ పాలకుడును అంతకుముందు ఇట్టి పనిని ఇట్టి రీతిగా చేసినట్లు మేమెరుగము. వోటరుల పట్టికనుండి చీట్లు తీసి, ప్రతి నియోజకవర్గమునుండి ఒక పురుషుని, ఒక స్త్రీని, ఆదివాసులనుండి ఇద్దరిని, మొత్తము 160 మందిని కూర్చి పౌరసభ యని పేరుపెట్టిరి. దానికి అధ్యక్షుడు జాక్ బ్లేనీ. 2004వ సంవత్సరమున వారు శ్రద్ధతో పని చేసిరి. నెలలకొలది పాఠములు విని, దేశదేశముల పద్ధతులు చదివి, ఊరూర సభలు పెట్టి జనుల మాట ఆలకించి, తుదకు 146 మంది ఒకవైపు, ఏడుగురు మరియొకవైపు నిలిచి, పాతపద్ధతి తగదని తేల్చిరి. వారు కోరిన క్రొత్తపద్ధతిలో ఒక్కొక్క పెద్ద నియోజకవర్గమునుండి పలువురు సభ్యులు వత్తురు. వోటరు తనకు మొదట ఎవడు కావలెనో, రెండవ మూడవ స్థానములు ఎవరికో వరుసగా అంకెలు వేయును. మొదటివానికి అక్కరలేక మిగిలిన వోటు రెండవవానికి పోవును. ఓడినవాని వోటును వ్యర్థము కాక మరియొకనికి పోవును. ఐర్లండులో ఈ పద్ధతి నూరేండ్లకు మించి నడచుచున్నది.

పౌరసభ సలహాను 2005 మే నెల 17వ తేదీని ఎన్నికతో పాటు ప్రజలముందు పెట్టిరి. ఇచట మా చదువరులు నిలిచి ఈ యంకెలను ఒకటికి రెండుమారులు చదువవలెనని వేడుచున్నాము. క్రొత్తపద్ధతి కావలెనన్నవారు నూటికి 57.7. 79 నియోజకవర్గములలో 77 చోట్ల కావలెనన్నవారే యధికులు. డెబ్బదితొమ్మిదింట డెబ్బదియేడు!

ఫలితము? ఓడిపోయినదని ప్రకటించిరి. ఏలయన, నూటికి 60 వచ్చినగాని చెల్లదని ప్రభుత్వము ముందే నియమము చేసియుండెను. 2001లో నూటికి 57.6 వోట్లు ఒక పక్షమునకు రాష్ట్రమంతటిపై ఎదురులేని యధికార మిచ్చినవి. ఒడంబడికలు చింపుటకు చాలినవి. ఎదుటివారికి హోదా లేదనుటకు చాలినవి. 2005లో అదే రాష్ట్రమున, అదే జనులు, ఆ యధికారమునకు కళ్లెము వేయుడని నూటికి 57.7 వోట్లిచ్చినప్పుడు అవి చాలవైనవి. ఏ కొలతతో ధాన్యము ఇంటికి కొలుచుకొనిరో ఆ కొలతతో అప్పు తీర్చుటకు సమ్మతింపరైరి. ఎన్నికవిధానము వంటి మౌలికవిషయమునకు సామాన్యమైన ఆధిక్యము చాలదని వారనిరి. అట్లే యగుగాక. అయినచో నూటికి అరువది దాటని పక్షము ఆసుపత్రి కూలివాని ఒడంబడికను మూడుదినములలో చింపునప్పుడు ఆ మౌలికత్వము ఎక్కడ నిద్రించుచుండెను?

నిజము దాచుట మాకు చేతగాదు గనుక తరువాతి కథయు చెప్పవలెను. 2009లో అదే ప్రశ్నను మరల అడిగిరి. ఈమారు నూటికి 39 మాత్రమే కావలెననిరి. 2018లో న్యూ డెమొక్రటులు గ్రీన్ పక్షమువారి యండతో అధికారమందుండి, టపాద్వారా మూడవమారు అడిగిరి. 60 అను గడియను తీసివేసి, సగమునకు మించిన చాలునన్నను, నూటికి 61 మంది పాతపద్ధతియే యుండనిమ్మనిరి. దీనిని జూపి పాతపద్ధతివారు మా నోరు మూయింపజూతురు. వారు జ్ఞప్తియందుంచుకొనవలసిన దొకటి కలదు. 2005లో రాష్ట్రమున ఎదురులేని ప్రభుత్వపు చేదు జనుల నాలుకపై పచ్చిగా నుండెను. ఆ యెన్నికలోనే న్యూ డెమొక్రటులు రెండునుండి 33 స్థానములకు లేచిరి. సభలో మరల ఎదుటిబల్ల నిండెను. చేదు తగ్గినది, ప్రశ్నయందలి తహతహయు తగ్గినది. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుదమని ముందుకు వచ్చినవారిని, మీరు నూటికి ముగ్గురు తక్కువైనారని త్రిప్పిపంపి, నిప్పు చల్లారిన నాలుగేండ్లకు వచ్చి బావి కావలెనా యనిన ఎవరు పారలు పట్టుదురు?

పద్ధతులను మార్చుటలో ఆ రాష్ట్రమునకు వెనుక నొక యనుభవముండెను. నాడు లిబరలులు, కన్సర్వేటివులు కలిసి రాజ్యమేలుచు, సోషలిస్టులు గెలుతురను భయముచేత, వోటరు అభ్యర్థులకు వరుసగా అంకెలు వేయు పద్ధతినొకదానిని తెచ్చిరి. ఒకరి రెండవ వోటు మరియొకరికి పోవునని వారి యెత్తుగడ. 1952 ఎన్నికలో ఆ రెండవ వోట్లు వారెవరికిని గాక సోషల్ క్రెడిట్ అను క్రొత్తపక్షమునకు పోయినవి. దానికి 19, సోషలిస్టులకు 18, తెచ్చిపెట్టిన రెండు పక్షములకు కలిపి 10 స్థానములు! ఎవరికి తీసిన గోతిలో ఎవరు పడిరో చెప్పనక్కరలేదు. గెలిచిన సోషల్ క్రెడిట్‌వారు మరుసటి సంవత్సరము మరియొక యెన్నికలో బలపడి, ఏరు దాటినవాడు తెప్ప తగులబెట్టినట్లు ఆ పద్ధతిని రద్దుచేసిరి. అందుచేతనే పద్ధతిని తేల్చు పని రాజకీయులకు గాక చీటివేసి తీసిన పౌరులకు ఇచ్చుట మేలైనది. అందుచేతనే ఆ పౌరుల మాటను ప్రజలలో అధికసంఖ్యాకులు ఒప్పిన పిదప మూడుపాళ్ల తక్కువకు త్రోసివేయుట అంతటి తప్పు.

ఇట్టి ముంపు కెనడాకు క్రొత్త కాదు. 1935లో ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమున లిబరలులు 30కి 30 గెలిచిరి. ఆ సంవత్సరమే ఆల్బర్టాలో అధికారమందున్న రైతుల పక్షము ఒక్క స్థానమును దక్కక తుడిచిపెట్టుకొనిపోయినది. 1987లో న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రమున లిబరలులు నూటికి 60 వోట్లతో 58కి 58 స్థానములు గెలిచిరి. తక్కిన 40 మంది మాట పలుకుటకు సభలో ఒక్కడును లేడు. ఆంగ్లమును, ఫ్రెంచి భాషయు సమానముగా చెల్లు రాష్ట్రమది. నాలుగేండ్ల తరువాత 1991లో ఆ సభకు ప్రతిపక్షముగా వచ్చినది, రెండుభాషల సమత్వమును వ్యతిరేకించు పక్షము, ఎనమండుగురు సభ్యులతో. సభలో మాటకు చోటు లేనప్పుడు బయట కోపమునకు ఏ రూపు వచ్చునో ముందుగా చెప్పగలవారు లేరు.

ఇదియంతయు ఏడుసముద్రముల కావలి కథయని మన పఠనమందిరములలో ఎవరైన పత్రికను మడిచి పెట్టబోవుదురేమో. ఒక్క నిమిషము. ఆ యంత్రము వచ్చిన కర్మాగారమునుండియే మన యంత్రమును వచ్చినది. ఆంధ్రప్రదేశ శాసనసభకు 175 స్థానములు. 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు నూటికి ఇంచుమించు 50 వోట్లు, 151 స్థానములు. తెలుగుదేశమునకు 39 వోట్లు, 23 స్థానములు. 2024లో త్రాసు తిరుగబడి తెలుగుదేశపు కూటమికి 164 స్థానములు; వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు మరల అదే నూటికి 39 వోట్లు, స్థానములు 11. నూటికి 39 మంది ఒకమారు 23గను, మరియొకమారు 11గను కనబడిన యద్దము ముఖమును చూపునదా, వంకరచేయునదా? పదకొండుగురు గల పక్షమునకు ప్రతిపక్షహోదా కలదా లేదా యను వివాదము పుట్టి న్యాయస్థానమువరకు పోయినది. సభలో పదవవంతు లేదనువారును, హోదా లేదని సభకు దూరముగ నుండువారును విక్టోరియా కథను చదువవలెను. మొదటివారు అందు 77 మంది చేసిన పనిని చదువవలెను. రెండవవారు ఇద్దరు స్త్రీలు చేసిన పనిని చదువవలెను. ప్రతిపక్షహోదాకు లెక్క స్థానములనుబట్టి గాక పడిన వోట్లనుబట్టి యుండవలెనని మా యభిప్రాయము. దానికి ఎన్నికపద్ధతిని మార్చనక్కరలేదు, పౌరసభలు కూర్పనక్కరలేదు, సభానియమములలో ఒక పంక్తి చాలును.

పాతపద్ధతివారికి మిగిలిన వాదము స్థిరత్వము. ఒకే పక్షమునకు నిండుబలమున్నగాని రాజ్యము నిలువదందురు. 2001లో నిండుబలమునకు లోటేమున్నది? అంతటి బలముతో చేసిన శాసనములు న్యాయస్థానమున నిలువలేదు. ఆ బలమే క్యాంప్‌బెల్ గారికి అలవాటై, 2009 ఎన్నిక ముగిసిన కొలదివారములకే, ఎన్నికలో చెప్పని క్రొత్త యమ్మకపు పన్నును ప్రకటింపజేసినది. జనులు సంతకములు కూర్చి ప్రజాభిప్రాయమునకు పట్టుపట్టిరి. ఆయన పదవి విడిచెను. 2011లో నూటికి 55 మంది ఆ పన్నును రద్దుచేయించిరి. ఈమారు 55 చాలినవి.

ఆ పక్షము 2017 వరకు అధికారమందుండెను. 2023లో పేరు మార్చుకొని బి.సి. యునైటెడ్ ఆయెను. మరుసటి సంవత్సరము అక్టోబరు ఎన్నికకు రెండునెలలైన లేని సమయమున, ఆగస్టు చివర, గెలుపు కల్లయని గ్రహించి తన ప్రచారమును తానే నిలిపివేసికొనెను. నిలిపివేసినట్లు ప్రకటించిన నాయకుడు కెవిన్ ఫాల్కన్. ఆయన శాసనసభలో మొట్టమొదట అడుగుపెట్టినది 2001లో, ఆ డెబ్బదియేడుగురిలో నొకడుగా.